మున్నెకొళాల నుంచి రాజమండ్రికి: మా అద్దె కథ

2024 మార్చి ఆఖర్లో ఒక ఆదివారం. మా బెంగళూరు ఇంటి ఓనరు పైకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడంటే రెండే కారణాలు. ఒకటి అద్దె పెంచడానికి, రెండోది వాళ్ళబ్బాయికి ఉద్యోగం ఎక్కడైనా ఉందేమో అడగడానికి. అబ్బాయికి అంతకు ముందు సంవత్సరమే ఉద్యోగం వచ్చేసింది.

"నలభై రెండు చేద్దామమ్మా. నేనేం జాస్తి అడగడంలే. పక్క బిల్డింగులో నలభై అయిదుకి పోయింది చూడు" అన్నాడు.

మారతహళ్ళి చుట్టుపక్కల పాత ఊళ్ళలో ఇళ్ళున్నవాళ్ళు చాలామంది రెడ్లు. ఇంట్లో మాట్లాడేది కన్నడం కలిసిన తెలుగు. 2018లో మున్నెకొళాలలో ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళినప్పుడు ఆ మాట విని 'అబ్బ, మనవాళ్ళే' అని సంబరపడ్డాను. మాది ధర్మవరం, ఆ యాస మాకేం దూరం కాదు. మనవాళ్ళయినంత మాత్రాన అడ్వాన్సు తగ్గదని ఆ సాయంత్రమే తెలిసొచ్చింది. అద్దె 18,500, అడ్వాన్సు పది నెలలది, అంటే 1,85,000. నా గాజులు నాలుగు బ్యాంకులో పెట్టి కట్టాం.

2020 లాక్‌డౌన్‌లో అందరూ ఊళ్ళకెళ్ళిపోయి వీధి పొడుగునా టులెట్ బోర్డులు వేలాడుతుంటే, ఇదే ఓనరు ధర్మవరానికి ఫోన్ చేసి "ఖాళీ చెయ్యొద్దమ్మా, రెండు వేలు తగ్గించే ఇయ్యండి" అన్నాడు. అలా 16,500 అయింది. 2022లో ఆఫీసులు మళ్ళీ రమ్మన్నాయి, అద్దె 26,000. 2023లో 35,000. ఇప్పుడు 42,000. మెయింటెనెన్సు 4,500 దానికి అదనం.

ఆ నెలలోనే బెంగళూరంతా నీళ్ళకి కటకటలాడుతోంది. మా వీధికి కావేరి నీళ్ళు లేవు, బోరే దిక్కు. అది ఫిబ్రవరిలోనే బురద కక్కి ఆగిపోయింది. 6,000 లీటర్ల ట్యాంకరుకు అయిదు కిలోమీటర్ల లోపైతే 600 రూపాయలే తీసుకోవాలని జిల్లా అధికారులు రేటు కట్టారు. ఆ రేటుకి మా వీధిలోకి ఒక్క బండీ రాలేదు. వచ్చినవి రాత్రి పదకొండు దాటాక, రెట్టింపుకి వచ్చాయి. (మేం వచ్చేశాక అక్టోబరులో కావేరి నీళ్ళ పథకం ఐదో దశ మొదలైంది. 'మనం ఇలా రాగానే అక్కడ నీళ్ళొచ్చాయి' అని మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు.)

ఓనరు దిగి వెళ్ళాక స్నానాల గదిలో సగం బకెట్టు ముందు నిలబడి ఆలోచించాను. నేను సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ లీడ్‌ని. నా టీములో ఇద్దరు పుణెలో, ఒకమ్మాయి కోయంబత్తూరులో, మేనేజరు డబ్లిన్‌లో. వారానికి రెండు రోజులు గంటన్నర ట్రాఫిక్‌లో పడి ఆఫీసుకెళ్ళి నేను చేసేదేమిటంటే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పుణె వాళ్ళతో మాట్లాడటం. దీనికోసం నీళ్ళు లేని ఇంటికి నలభై రెండు వేలు.

మా ఆయన ఆసుపత్రుల్లో డయాలసిస్ యంత్రాలు బాగుచేసే సర్వీసు ఇంజినీరు. ఆయనది తిరుగుడు ఉద్యోగం, ఇంట్లోంచి అయ్యేది కాదు. అదృష్టం ఏమిటంటే వాళ్ళ కంపెనీలో గోదావరి జిల్లాలు చూసే అతను మానేశాడు. బెంగళూరు వదిలి అక్కడికి వెళ్తానన్నవాడు ఇంకెవడూ లేక ఈయన అడగ్గానే ఇచ్చేశారు. ఆలస్యమంతా నా వైపే.

మా ఆఫీసులో 'పర్మనెంట్ రిమోట్' అనే మాట అందరూ వాడతారు గానీ, కాయితం మీద అది ఒక ఫారం, మూడు సంతకాలు. మేనేజరు సంతకం ఒక్కరోజులో వచ్చింది. హెచ్‌ఆర్ వాళ్ళది మూడు వారాలు పట్టింది. ఈ మధ్యలో ఒక పాత కొలీగ్ చెప్పిన మాట నాకు వేలల్లో కలిసొచ్చింది: బేస్ లొకేషన్ (కాయితం మీద మన పని ఊరు) ఏమని రాయిస్తున్నావో చూసుకో అని. బేస్ లొకేషన్ బెంగళూరుగా ఉండిపోయి, 'ఇంటి నుంచి పనికి అనుమతి' మాత్రమే ఇస్తే, మూడు నెలలకోసారి వాళ్ళు పిలిచినప్పుడు మన డబ్బులతో మనమే వెళ్ళాలి. బేస్ లొకేషనే రాజమండ్రి అని మారిస్తే అది ఆఫీసు పని మీద ప్రయాణం కింద లెక్క, టికెట్టు వాళ్ళదే. నేను రెండోది పట్టుబట్టాను. దానికి వాళ్ళు జీతం తగ్గించలేదు గానీ, ఆ ఏడు ఇంక్రిమెంటు ఉత్తరంలో నా పేరు పక్కన 'టియర్-2' (రెండో శ్రేణి ఊరు) అని కొత్తగా ఒక ముక్క చేరింది, శాతం రెండు తగ్గింది. అడిగితే ఊరి ఖర్చుని బట్టి అన్నారు. బెంగళూరు ఖర్చు పెరిగినప్పుడు ఈ సూత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

రాజమండ్రే ఎందుకని అందరూ అడుగుతారు. మా అత్తగారిది రావులపాలెం. ఆవిడ ఇల్లు పెద్దది, అద్దె లేదు, అరటి తోటల గాలి. అక్కడే ఉండొచ్చు కదా అంటే ఇంటర్నెట్టు నిలకడగా ఉండదని చెప్తాను. అది నిజమే. పూర్తి నిజం కాదని మా అత్తగారికి తెలుసు, నాకూ తెలుసు. గంట దూరంలో ఉంటే ఇద్దరం ప్రేమగా ఉంటాం.

ఏప్రిల్‌లో మూడు రోజులు సెలవు పెట్టి ఇళ్ళు చూశాం. దానవాయిపేటలో మొదలుపెట్టాం. గేటు దగ్గర మొదటి ప్రశ్న అంతటా ఒకటే: "ఏం చేస్తారండి?" సాఫ్ట్‌వేర్ అని నేననగానే ఓనరు కళ్ళలో అంకె మారడం కనిపించేది. రెండు ఇళ్ళయ్యాక నువ్వు మాట్లాడు అని మా ఆయన్ని ముందుకు తోశాను. డయాలసిస్ అని ఈయన అనగానే "ఓహో, డాక్టరు గారా!" అని ఇంకో రెండు వేలు కలిపాడు ఒక పెద్దమనిషి.

మూడో రోజు ఏవీ అప్పారావు రోడ్డుకి లోపలగా ఒక సందులో పైవాటా దొరికింది. కింద ఓనర్లు, రిటైరైన హెడ్మాస్టారు, ఆయన భార్య. రెండు పడకగదులు, ముందు వరండా, మెట్ల పక్కన గుబురుగా కరివేపాకు చెట్టు. కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చాయి. నేను ఆ కుళాయి మూడుసార్లు తిప్పి చూశాను.

"పద్నాలుగండి. అడ్వాన్సు రెండు నెలలు" అన్నారు మాస్టారు.

"సరేనండి" అన్నాను.

మా ఆయన మోచేత్తో పొడిచాడు. బేరం ఆడాల్సిన చోట ఆడలేదని ఆయన బాధ. నాకు మాత్రం ముప్పై అయిదు, నలభై రెండు తప్ప ఇంకో అంకె బుర్రలో లేదు. వాటి పక్కన పద్నాలుగు నాకు అంకెలాగే అనిపించలేదు. ఆ 'సరేనండి' ఎవరి మీద పడిందో తర్వాత తెలిసింది.

ఇల్లు ఖాయం చేసేముందు మాత్రం ఒక పని పద్ధతిగా చేశాను. కింద సందులో అయిదిళ్ళు తలుపు తట్టి ఎవరి ఇంటర్నెట్టు కనెక్షను వాడుతున్నారు, ఎన్నిసార్లు పోతుంది అని అడిగాను. అక్క ఎవరో సర్వేకి వచ్చిందనుకుని ఒకావిడ రేషన్ కార్డు తీసుకొచ్చింది.

బెంగళూరు ఖాళీ చెయ్యడం గురించి పెద్దగా చెప్పుకోడానికేం లేదు. అక్కడ అద్దెకున్న వాళ్ళందరికీ తెలిసిందే. ఓనరు అడ్వాన్సులోంచి పెయింటింగ్ కింద ఒక నెల అద్దె 35,000, ఆరేళ్ళు మేమే కడిగిన బాత్రూములకి 'డీప్ క్లీనింగ్' కింద 4,000 పట్టుకుని 1,46,000 చేతిలో పెట్టాడు. గ్యాస్ సరెండర్ చేసి వోచరు తీసుకున్నాం. సామాను లారీకి 36,000 మాట్లాడుకుంటే, విజయవాడ దాకా వచ్చాక బండి మారుతుంది ఇంకో ఆరు వేలియ్యండి అని ఫోను. తిట్టి, బతిమాలి, మూడు వేలకి ఒప్పించాం. మొత్తం 800 కిలోమీటర్లు, ఏడు రోజులు. ఆ ఏడు రోజులూ మే నెల ఆఖరు, రోహిణి కార్తె ఎండలో, చాప మీద పడుకుని, బెంగళూరు చలికి అలవాటు పడ్డ మా పాప 'అమ్మా, గోడ కాలుతోంది' అని ఏడుపు.

స్కూటీ సంగతి వేరు, అది ఏడు రోజులతో తేలలేదు. కర్ణాటక నంబరు బండి. వేరే రాష్ట్రంలో 12 నెలలకి మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి ముందు పాత ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాయితం, ఫారం 28. ఆ ఫారం మీద బండి ఛాసిస్ నంబరు అచ్చు కావాలి. బండి కింద ఇనుము మీద చెక్కిన నంబరు మీద సన్న కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దినట్టు. మా పాప నాలుగు కాపీలూ తనే రుద్దింది. మొత్తం ప్రక్రియలో ఆనందంగా జరిగిన పని అదొక్కటే. తర్వాత ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్సు కట్టి, అక్కడ కట్టిన దాంట్లో మిగిలినది వెనక్కివ్వమని దరఖాస్తు పెట్టాం. కట్టింది వెంటనే తీసుకున్నారు. ఇవ్వాల్సింది ఇంకా 'పరిశీలనలో' ఉంది.

పాపకి మూడో తరగతి. బెంగళూరు స్కూల్లో కన్నడం చదివింది, తెలుగు మాట్లాడుతుంది గానీ రాయడం రాదు. ఇక్కడ స్కూల్లో చేర్చాక మొదటి నెల తెలుగు కాపీ రైటింగ్ పుస్తకం చూసి టీచరుకి అర్థం కాలేదు: అక్షరాలన్నీ గుండ్రంగా చక్కగా ఉన్నాయి, నెత్తిన తలకట్టు మాత్రం అన్నిటికీ అడ్డగీత. కన్నడం తలకట్టు అలాగే ఉంటుంది, తెలుగుదేమో టిక్కు పెట్టినట్టు ఉంటుంది. 'క' ఒళ్ళు తెలుగు, టోపీ కన్నడం. ఆ టోపీ మార్చడానికి దసరా దాకా పట్టింది. ఇప్పుడు పాప ప్రతి వాక్యానికీ చివర 'అండి' తగిలిస్తుంది. ధర్మవరం వెళ్ళినప్పుడు మా నాన్నతో "తాతయ్యా, టీ తాగుతారాండి" అంటే ఆయన ఇంటికెవరో బయటివాళ్ళు వచ్చారేమోనని గుమ్మం వైపు చూశాడు.

ఇక ఇంటి నుంచి పని. మే, జూన్‌లలో కరెంటు తీస్తే ఇన్వర్టరు ఉంది కదా అనుకున్నాను. ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతుంది, రౌటరు పనిచేస్తుంది, కానీ కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే ఆ అర క్షణంలో రౌటరు ఆగి మళ్ళీ లేస్తుంది. మూడు నిమిషాలు. డబ్లిన్‌లో ఉన్న మేనేజరుకి మూడు నిమిషాలు నేను మాయమైపోయాను. దానికొక చిన్న యూపీఎస్, 1,500 రూపాయలు, రౌటరు వెనకాల దాక్కునేంత ఉంటుంది. ఊరు మారేవాళ్ళు పెద్ద ఇన్వర్టరుకి ముందు అది కొనుక్కోవాలి. రెండు కనెక్షన్లు పెట్టించాను, ఒకటి పెద్ద కంపెనీది, ఒకటి మా వీధి కేబుల్ అబ్బాయిది.

సెప్టెంబరులో వినాయకుడి నిమజ్జనం రోజు మాకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. సాయంత్రం ఆరు నుంచి కాల్. ఎనిమిదింటికి మా సందులో విగ్రహం బయల్దేరింది. తొమ్మిదడుగుల వినాయకుడు, ట్రాక్టరు మీద. వీధి తీగలు కిరీటానికి తగలకుండా ముందు ఇద్దరు కుర్రాళ్ళు పంగల కర్ర పట్టుకుని ఒక్కొక్క తీగా పైకెత్తుతున్నారు. నేను వరండాలోంచి చూస్తూనే ఉన్నాను. చూస్తుండగానే రెండు కనెక్షన్ల తీగలూ ఒకే కర్రకి చిక్కి, ఒకేసారి తెగాయి. రెండు కంపెనీలైతే ఏం, వేలాడేది ఒకే స్తంభం నుంచి. ఫోను డేటా పెడితే ఊరేగింపులో ఉన్న వాళ్ళందరూ వీడియోలు పంపుతున్నారు, నాకు సిగ్నలు మిగల్లేదు.

కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే ఊరేగింపులోనే ఉన్నాడు, ముఖం నిండా రంగు. "కంగారు పడకండక్కా, పది నిమిషాలండి" అని వెళ్ళి తెగిన తీగలు అతికే యంత్రం పెట్టె పట్టుకొచ్చాడు. స్కూటరు సీటు మీద ఆ యంత్రం పెట్టి, చేతికున్న గులాల్ చొక్కాకి తుడిచి, స్పిరిట్ అద్దిన గుడ్డతో తీగ కొనలు తుడిచాడు. వెంట్రుకలా సన్నగా రెండు గాజు పోగులు. యంత్రం చిన్న తెర మీద అవి రెండు కర్రల్లా పెద్దగా కనిపించాయి. వాటంతటవే జరిగి ఎదురెదురుగా నిలబడ్డాయి, చిటుక్కుమని మెరుపు, ఒక్కటైపోయాయి. "చూడండి, సిగ్నలు నష్టం సున్నా పాయింట్ సున్నా ఒకటి" అని గర్వంగా చూపించాడు. తొమ్మిదీ పదికి కాల్‌లోకి వెళ్ళాను. ఏమైందని అడిగారు. వినాయకుడని చెప్పాను. పుణె వాళ్ళకి వెంటనే అర్థమైంది.

మూడు నెలలకోసారి బెంగళూరు వెళ్తాను, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో. విమానం ఉంది, ఆఫీసు ఇస్తుంది కూడా, కానీ ఆ రైలు ధర్మవరంలో ఆగుతుంది. మా అమ్మ ప్లాట్‌ఫాం మీద ఉగ్గాని డబ్బాతో నిలబడుతుంది. బెంగళూరులో ఉన్నప్పుడు నాలుగు గంటల దూరంలో ఉండి కూడా అమ్మని ఏడాదికి మూడుసార్లు చూసేదాన్ని. ఇప్పుడు అంత దూరం వచ్చాక, వెళ్ళేటప్పుడొకసారి వచ్చేటప్పుడొకసారి, కిటికీలోంచయినా ఎనిమిదిసార్లు చూస్తున్నాను.

డబ్బు లెక్క అడుగుతారు కాబట్టి చెప్తాను. పెంచిన అద్దె, మెయింటెనెన్సు కలిపితే బెంగళూరులో 46,500 అయ్యేది, ఇక్కడ 14,000. తేడా 32,500. అందులో ఎండాకాలం ఏసీ బిల్లు, రెండో ఇంటర్నెట్టు, పోయిన రెండు శాతం ఇంక్రిమెంటు, చుట్టరికం ఉన్న ఊళ్ళో ఉన్నందుకు పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ చదివింపులు (ఇది ఎవరూ ముందు చెప్పరు) పోగా నెలకి ఇరవై రెండు, ఇరవై మూడు వేలు నిజంగా మిగిలింది. గాజులు ఆరో నెలలో ఇంటికొచ్చాయి.

ఆ 'సరేనండి' సంగతికొస్తాను. మేం వచ్చిన రెండో నెలలో పాత అద్దెవాళ్ళ పేరు మీద బ్యాంకు కవరొకటి వచ్చింది. మాస్టారు దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేస్తే ఒకావిడ వచ్చింది, నా వయసే ఉంటుంది. భర్త ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్. అయిదేళ్ళున్నారట ఈ ఇంట్లో. కవరు తీసుకుని, మెట్ల దగ్గర ఆగి, "చెట్టుకి నీళ్ళు పోస్తున్నారాండి? నేనే వేశాను" అంది.

లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను. ఎక్కడుంటున్నారంటే హుకుంపేట అంది. ఇక్కడెంత ఇచ్చేవారని నేనే అడిగాను, అడగకుండా ఉండాల్సింది.

"తొమ్మిదండి. మాస్టారు పన్నెండు చెయ్యమన్నారు. మా వారి జీతం ఇరవై ఆరు. ఎక్కడ అవుద్దండి?" అని నవ్వింది. "మీరెంతకి దిగారండి?"

చెప్పాను. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టి, "మీకు బెంగళూరులో అలవాటు కదండి" అంది. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అంది. నాకే అలా తగిలింది. నన్ను మున్నెకొళాల నుంచి తరిమింది కూడా పక్క బిల్డింగులో నలభై అయిదుకి 'సరే' అన్న మనిషే కదా.

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆడవాళ్ళకి పెద్ద ఎత్తున ఇంటి నుంచి పని తెస్తామన్నారు. ఆ వార్త వచ్చిన సాయంత్రం మాస్టారు మెట్లెక్కి వచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ కూర్చోవడం నాకు బాగా తెలుసు.

"గవర్నమెంటే మీలాంటి వాళ్ళని రమ్మంటోందండి. ఇక మన ఊళ్ళో ఇళ్ళు దొరకవు. పైగా 2027లో పుష్కరాలాయె. ఏప్రిల్‌కి పదిహేడు చేద్దామా?"

ఈసారి సరేనండి అనలేదు. గంటసేపు బేరమాడాను, టీ రెండుసార్లు పెట్టాను, మాస్టారి భార్య కూడా పైకొచ్చి కూర్చుంది. 15,500 దగ్గర తెగింది. మా ఆయన సంతోషించాడు. జూన్‌లో ఆఫీసు నుంచి ఇంకో మెయిలు వచ్చింది: రిమోట్ వాళ్ళందరి అనుమతీ ఇకనుంచి ఏడాదికోసారి, మార్చిలో, సమీక్షిస్తారట. అంటే ఏప్రిల్‌లో ఇంటి ఓనరు, మార్చిలో ఆఫీసు. నా కొత్త సంవత్సరం ఉగాదికి అటూ ఇటూ ఈ ఇద్దరి చేతుల్లో ఉంది.

మొన్న మళ్ళీ వాళ్ళ పేరు మీద కవరొచ్చింది. ఆదివారం ఆవిడే వచ్చింది. నేను అద్దె సంగతి ఎత్తలేదు. ఆవిడే ఎత్తింది.

"మా పక్కవాటాలోకి ఎవరో వచ్చారండి, హైదరాబాదు నుంచి. ఆవిడ కూడా మీలాగే, ఇంట్లోంచే పనంట. మా ఓనరు మమ్మల్ని పదివేలు చెయ్యమంటున్నాడు" అంది.

ఏమనాలో తెలియక సంచీ తెచ్చాను. చెట్టు బాగా పెరిగింది, పై కొమ్మలు ఆవిడకి అందలేదు. నేను మెట్టెక్కి వంచి పట్టుకుంటే ఆవిడ రెమ్మలు తుంచుకుంది.